కళ్లు పెట్టని పల్నాటి సైన్యం

జర్మనీలో మా ఎర్లాంగెన్ తెలుగువాళ్లని గిరిజ ఎవరని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. కీటా గిరిజ అంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునే కీటా ఒకటి మా వీధి చివర ఉంది. అందులో వంటింటి పని ఆమెది. క్యారెట్లు తరుగుతుంది, పిల్లల ప్లేట్లు సర్దుతుంది, మూతులు తుడుస్తుంది. మా వాళ్లలో ఎవరింట్లో పుట్టినరోజు వచ్చినా కేకు వెనక కట్టే గుడ్డ మీద ఏనుగులూ నెమళ్లూ వేసి ఇస్తుంది. ఫొటోలు దిగాక ఆ గుడ్డ చుట్టి సెల్లార్‌లో పడేస్తారు. మళ్లీ ఏడాదికి ఇంకో గుడ్డ.

ఆమె మా కింది ఫ్లాట్‌లో ఉంటుంది. మాది విజయవాడ, వాళ్లది సిద్దిపేట అవతల చెరియాల. నేను మాట్లాడటం మొదలుపెడితే ఆపను. ఆమెని మాట్లాడించాలంటే నాలుగుసార్లు గిల్లాలి. ఇన్నేళ్ల స్నేహం నిలబడటానికి ఇంతకన్నా కారణం నాకు కనపడదు.

చెరియాలలో నకాషీవాళ్లు ఉంటారు. పొడవాటి గుడ్డ మీద ఎర్రరంగు పూసి, దాని మీద ఒక కథ మొత్తాన్ని బొమ్మలుగా వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని పట్టుకుని ఊళ్లు తిరిగేవారు. గిరిజ తండ్రి తిరుపతయ్య బతికినన్నాళ్లూ అదే పని చేశాడు. వాళ్లింట్లో పని పంపకం గట్టిగా ఉండేది. గీత తండ్రిది, రంగు నింపడం చిన్నకూతురు గిరిజది. కళ్లు మాత్రం పెద్దకూతురు విజయలక్ష్మివి. పటంలో ఎంతమంది ఉన్నా సరే, మనుషులకీ గుర్రాలకీ కోళ్లకీ కళ్లు పెట్టేది ఆఖరి రోజునే. ఆ రోజు పటం వేయించుకున్నవాళ్లు కొబ్బరికాయ కొట్టి, కళ్లు తెరిచిన మనిషికి కొత్తబట్ట పెడతారు. మొదటి విస్తరి కూడా ఆ మనిషికే. ఆ తర్వాతే మిగతావాళ్లు తింటారు.

తండ్రి పోయాక గీత గీయడం గిరిజకి కూడా వచ్చింది. కళ్ల జోలికి మాత్రం వెళ్లలేదు. "కన్ను తప్పితే బొమ్మ మనల్ని జూడదే, గోడను జూస్తది" అని అక్క చిన్నప్పుడెప్పుడో అన్న మాట ఆమెలో ఎంత పాతుకుపోయిందంటే, పుట్టినరోజు గుడ్డల మీద ఏనుగులకి కూడా నల్ల బొట్టుబిళ్లలు తెచ్చి కళ్లుగా అతికించేది. పిల్లలకి అవే ఇష్టం. ఒక్కొక్కటే పీకి నుదుటికి పెట్టుకునేవాళ్లు. పార్టీ అయ్యేసరికి ఏనుగు గుడ్డిదయ్యేది.

ఇలాంటి గిరిజకి మూడు గోడలు అప్పగించింది భాస్కర్ రావు గారు. ఆయనది మాచర్ల పక్క పల్లెటూరు. ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో చాలా కాలం ఇంజినీరుగా చేసి, ఇక నా వల్ల కాదని ఉద్యోగం మానేసి, ఊరి చివర జర్మన్ వంటల హోటల్‌గా నడిచిన ఒక పాతకాలపు గాస్ట్‌హౌస్ అద్దెకి తీసుకుని "పల్నాడు విలాస్" అని బోర్డు పెట్టారు. అది కరోనా మొదలైన ఏడాది శరదృతువు. బోర్డు ఎక్కించిన కొద్ది రోజులకే నవంబర్‌లో హోటళ్లన్నీ మూయమన్నారు. పార్సిల్ ఇచ్చుకోవచ్చు, లోపల ఎవరూ కూర్చోకూడదు. ఆయన ఖాళీగా ఉండగలిగే మనిషి కాదు. రోజూ వెళ్లి తాళం తీసి, కుర్చీలు ఇటువి అటు జరిపి, అటువి ఇటు జరిపి, మళ్లీ తాళం వేసి వచ్చేవారు. మూడో వారానికి కుర్చీలు విసుగొచ్చి గోడల మీద పడ్డారు.

"అమ్మా గిరిజా, మూడు గోడలు బోసిగా ఉండాయి. పల్నాటి యుద్ధం వెయ్యాలి నువ్వు," అన్నారు, మా బిల్డింగు కింద సైకిళ్ల దగ్గర నిలబడి, మాస్కు లోంచి.

ఆ యుద్ధం ఆయనకి సొంతింటి గొడవ కింద లెక్క. ఒకే తండ్రి బిడ్డలు రెండు చీలికలై, ఒకరు గురజాలలో, ఒకరు మాచర్లలో పాలించారు. అటువైపు మంత్రి నాగమ్మ, ఇటువైపు మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకున్నారు. మాచర్లవాళ్లు ఓడి ఏడేళ్లు అడవులు పట్టిపోయారు. గడువు తీరాక వచ్చి మా రాజ్యం మాకివ్వమంటే గురజాల ఇవ్వలేదు. అన్నదమ్ములూ మామా అల్లుళ్లూ కారెంపూడి దగ్గర కత్తులు తీశారు. ఇది జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటినా భాస్కర్ రావు గారికి కోపం తగ్గలేదు.

"అన్నం తినేకాడ తలకాయలు తెగుతుంటే ఎట్ల తింటరు సార్?" అంది గిరిజ.

"మావోళ్లకి అదేం అడ్డం కాదమ్మా. కారం సరిపోతే చాలు."

గిరిజ రెండు షరతులు పెట్టింది. వంటింటి తలుపు పక్క గోడ మీద యుద్ధం ఉండదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు ఉంటుంది. రెండోది, కళ్లు ఆమె పెట్టదు. అక్క చెరియాల నుంచి వచ్చి పెడుతుంది. భాస్కర్ రావు గారు రెండింటికీ ఒప్పేసుకున్నారు. "మీ అక్కకి పట్టుచీర నేనే కొంటా" అని కూడా అన్నారు. వీసా ఇంటర్వ్యూకి టెర్మిన్, అంటే తారీఖు, రేపో మాపో దొరుకుతుందని మేమందరం నమ్మే రోజులవి.

ఆ చలికాలం గిరిజని చూడాల్సింది. కీటా సగం రోజులు మూసే ఉండేది. మిగతా రోజుల్లో పని అవగానే సైకిలెక్కి హోటల్‌కి వెళ్లేది. ఒక ఇంటివాళ్లు, బయటి మనిషి ఒకరు, అంతకు మించి కలవకూడదని నియమం కదా, ఆ ఒక్క మనిషినీ నేనే. హోమ్ ఆఫీసులో మధ్యాహ్నం విరామం దొరకగానే టిఫిన్ క్యారియర్ కట్టుకుని వెళ్లేదాన్ని. నిచ్చెన మీద గిరిజ, కింద నేను. ఆమె భర్త శరత్ ఆదివారాలు వచ్చి నిచ్చెన పట్టుకునేవాడు. వాళ్లది ఒక ఇల్లే కాబట్టి అతనికి ఏ నియమమూ అడ్డం కాదు.

ముందు ఎరుపు దగ్గరే తగవు వచ్చింది. ఆ రోజుల్లో రంగులూ పనిముట్లూ అమ్మే బౌమార్క్ట్‌లోకి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. ఇంటర్నెట్‌లో రంగు ఎంచుకుంటే గుమ్మం దగ్గర డబ్బా చేతిలో పెట్టేవాళ్లు. తెరిచి చూస్తే ఎప్పుడూ వేరే ఎరుపు. గిరిజ ఒక ముక్క పూసి ఫోన్‌లో అక్కకి చూపించేది.

"ఇది ఎరుపు కాదే, టమాట," అనేది అక్క. ఇంకో డబ్బా వచ్చేది. "ఇది ఇటుక." ఇంకోటి. "ఇది నీ మొగడు సిగ్గుపడ్డప్పటి మొహం." శరత్ నిచ్చెన వదిలేసి నవ్వాడు. పైన ఉన్న గిరిజ కూడా నవ్వింది, నిచ్చెన ఊగింది, నేను గుండె పట్టుకున్నాను. చివరికి టమాటనీ ఇటుకనీ ఒక బకెట్లో కలిపితే అక్క ఫోన్ దగ్గరికి జరిగి చూసి, "నాయిన ఎరుపు ఇదే," అంది.

ఆ తర్వాత గిరిజ చెయ్యి ఆగలేదు. మొదటి గోడ మీద కోడిపందెం మొదలైంది. కోళ్లని మనుషులంత పెద్దగా వేసింది. గొడవంతా వాటి వల్లే వచ్చింది కదా అంది. రెండో గోడ కారెంపూడి. నన్ను తుడుపుకర్ర పట్టుకుని ఈటె విసిరినట్టు నిలబడమనేది, కాళ్లు ఇంకా వంచమనేది. నేను మోకాళ్లు పట్టేసి తిట్టుకుంటుంటే ఆమె పైనుంచి పాటలు పాడేది. మాట్లాడించడానికి నాలుగుసార్లు గిల్లాల్సిన మనిషి ఆ నిచ్చెన మీద గంటలకొద్దీ మాట్లాడింది. ఈ గుర్రం కాలు నాయిన ఎట్లా వేసేవాడు, ఈ తలపాగా ముడి ఎందుకు ఎడమవైపు ఉండాలి, అన్నీ చెప్పేది. నాకు ఇప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది. ఊరంతా దిగులుగా కిటికీల వెనక కూర్చున్న కాలంలో మేమిద్దరం ఆ ఖాళీ హోటల్లో అంత నవ్వుకున్నాం.

మార్చి వచ్చేసరికి మూడు గోడలూ నిండాయి. కళ్లు తప్ప.

చూడటానికి అదొక వింత. సైన్యమంతా మీసాలు మెలేసి, పళ్లు కొరుకుతూ, కత్తులెత్తి నిలబడి ఉంది. ఎవరికీ కళ్లు లేవు. కోళ్లకీ లేవు. పార్సిల్ కోసం ఒక్కొక్కరే లోపలికి వచ్చేవాళ్లు, ముక్కూ నోరూ మూసే తెల్ల మాస్కుల్లో. గోడ మీదివాళ్లకి కళ్లు తప్ప అన్నీ ఉన్నాయి, కిందవాళ్లకి కళ్లు తప్ప ఏమీ కనపడవు. హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగు మరమ్మతులు చూసేవాడు, ఒకరోజు హీటర్ బాగుచెయ్యడానికి వచ్చి, గోడకి వీపు పెట్టి పని చెయ్యలేనని కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు.

అక్కకి వీసా టెర్మిన్ రాలేదు. ఈ నెల, వచ్చే నెల అంటూనే ఉన్నారు. ఏప్రిల్ ఆఖర్లో అక్కడ జబ్బు విపరీతంగా పెరిగి, ఇండియా నుంచి ఎవరినీ రానివ్వమని ఇక్కడ చెప్పేశారు. అదే సమయంలో, జూన్‌లో హోటళ్లలో కూర్చోనిస్తారని కబురు వచ్చింది. భాస్కర్ రావు గారు కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు.

"నువ్వే పెట్టెయ్యమ్మా. ఇంత వేసినదానివి రెండు చుక్కలు పెట్టలేవా?"

గిరిజ తల అడ్డంగా ఊపింది. ఆ సాయంత్రం నా ఎదురుగానే అక్కకి ఫోన్ చేసింది. చెరియాలలో అప్పుడు ఇంటింటా జ్వరాలు. అక్క మాత్రం బాగానే ఉంది, గొంతులో ఎప్పటి దర్జానే.

"నువ్వు ముట్టకు. నేనొచ్చినంకనే. నువ్వు రంగు నింపేదానివి."

అక్క ఆ మాట ప్రేమగానే అంది. అయినా నాకు ఒళ్లు మండింది. అంత గోడ గీసిన మనిషి రంగు నింపేదెలా అవుతుంది? గిరిజ మాత్రం సరే అక్కా అని ఫోన్ పెట్టేసి, కుంచెలు కడుక్కుంది. చాలాసేపు కడిగింది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకి పెట్టాలని ఉందని. ఎంత ఉందో అంత భయం కూడా ఉంది.

ఆ మర్నాడు కాక ఆ పైరోజు ఉదయం మేమిద్దరం హోటల్ తలుపు తీశాం. పల్నాటి సైన్యం మొత్తం మమ్మల్ని కళ్లప్పగించి చూస్తోంది.

వెండి కళ్లు. వరలక్ష్మీ వ్రతానికి కలశం మీద కొబ్బరికాయకి పెట్టే అమ్మవారి కళ్లు. వెనక జిగురున్నవి, చేరడేసి కళ్లు, మధ్యలో నల్లగుడ్డు, చుట్టూ ఎర్రగీత. కత్తి దూసే వీరుడికీ అవే, తల తెగి పడినవాడికీ అవే. గుర్రాలకీ అవే. రెండు పందెంకోళ్లూ మహాలక్ష్ముల్లా మిలమిలలాడుతున్నాయి. నాకు నవ్వు ఆగలేదు. నేల మీద కూర్చుండిపోయి నవ్వాను.

భాస్కర్ రావు గారు వంటింట్లోంచి మాస్కు సర్దుకుంటూ వచ్చారు. "బాగుండాయి కదమ్మా? ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తెప్పించా. వ్రతానికి కొబ్బరికాయకి పెట్టట్లా మనం? నువ్వు ఏనుగులకి బొట్టుబిళ్లలు పెడతావుగా, అది చూసే తట్టింది నాకు."

గిరిజ నవ్వలేదు. నెమ్మదిగా నడిచి వెళ్లి, బ్రహ్మనాయుడి మొహం మీది వెండి కన్ను ఒకటి గోరుతో పట్టుకుని లాగింది. కన్నుతో పాటు రంగు ఊడి వచ్చింది, రంగుతో పాటు కింది సుద్దపూత కూడా. మొహంలో తెల్లటి గుంట మిగిలింది. ఇంకోటి లాగింది. ఇంకో గుంట.

నా నవ్వు ఆగిపోయింది. భాస్కర్ రావు గారు గోడకేసి ఒకసారి, గిరిజకేసి ఒకసారి చూశారు. "జిగురు ఇంత గట్టిదనుకోలేదమ్మా," అన్నారు చిన్నగా.

గిరిజకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. అరవలేదు. "కూసోండి," అంది. ఆయన కూర్చున్నారు. "లెవ్వకున్రి." ఆయన లేవలేదు. మూడు గోడలూ తిరిగి ఒక్కొక్క కన్నూ తడిగుడ్డతో నానబెట్టి పీకింది. నేనూ పీకాను. మధ్యాహ్నానికి సైన్యమంతా మొహాల్లో గుంటలతో నిలబడింది. సాయంత్రానికి గిరిజ ఆ గుంటల్లో సుద్ద నింపింది. మర్నాడు మొహాలకి మళ్లీ పసుపుపచ్చ రంగు పూసింది. అది ఆరాక మొదటి గోడ మొదట్లో, ఓడిపోయే కోడిని చంకలో పెట్టుకున్న మనిషి ముందు ఆగింది. మళ్లీ ఖాళీ మొహం. మళ్లీ మొదటికే వచ్చింది.

"సన్న కుంచె ఉన్నదా నీ దగ్గర?" అంది నన్ను చూడకుండానే.

సన్న కుంచె అక్క దగ్గర చెరియాలలో ఉంది. నా బ్యాగులో ఐలైనర్ బ్రష్ ఉంది. మాస్కులొచ్చాక లిప్‌స్టిక్ మానేసి కళ్లకి మాత్రమే ముస్తాబు చేసుకునేదాన్ని. తుడిచి ఇచ్చాను.

భాస్కర్ రావు గారు ఆ రోజు కూడా వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు, ఎవరూ కూర్చోమనకపోయినా. తెల్ల మాస్కు మీద ఆయన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. తప్పు చేసి దొరికిపోయిన కళ్లు. గిరిజ ఆయన్ని చూసింది. గోడకి తిరిగింది. ఊపిరి బిగపట్టి గీసింది. ఒక కన్ను, ఇంకో కన్ను, మధ్యలో గుడ్లు. రెండడుగులు వెనక్కి వచ్చింది.

కోడిని పట్టుకున్న ఆ మనిషి సూటిగా మమ్మల్నే చూస్తున్నాడు. రాజ్యం మొత్తం పోగొట్టి, ఇంటికెళ్లి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్న భాస్కర్ రావు గారు.

"నేను బ్రహ్మనాయుడు అనుకున్నానే," అన్నారాయన.

గిరిజ నవ్వింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నవ్వుతూనే ఉంది. "సూస్తున్నడే," అంది నా చెయ్యి పట్టుకుని. "మనల్నే సూస్తున్నడు."

ఆ రెండు వారాలూ మా ఊరి తెలుగువాళ్లంతా ఒక్కొక్కరే పల్నాడు విలాస్‌కి వచ్చి కుర్చీలో కూర్చుని వెళ్లారు. బయట దూరం దూరంగా వరుస. లోపలికి ఒక్కరే, మాస్కుతో. కళ్లు తప్ప ఏమీ చూడనక్కర్లేదు కదా గిరిజకి. ఒక ఏడాదిగా అందరి కళ్లే చూస్తూ బతికింది, కీటాలో పిల్లల్ని వదలడానికొచ్చే తల్లుల కళ్లు, వీధిలో ముసలివాళ్ల కళ్లు. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు పళ్లు కొరుకుతున్నారో కళ్లని బట్టే చెప్పేది. ఎవరెటువైపో మాత్రం అడగనివ్వలేదు. గురజాల వైపు ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందరూ వీరులే కావాలట, అదీ చావకుండా. ఆమె ఎవరి మాటా వినలేదు. శరత్‌ని మాచర్ల వైపు పెట్టింది. నా కళ్లు తీసుకెళ్లి గురజాల గుర్రపు రౌతుకి పెట్టింది. విజయవాడ మనిషిని, నన్ను అటు పెట్టడమేమిటని ఇప్పటికీ నాకు కోపమే.

నాగమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. తలుచుకుని గీసింది. పెద్ద కళ్లు, ఒకదాని మీద కనుబొమ్మ కాస్త పైకి. ఎవరికీ తల వంచని చూపు.

"ఆవిడకా ఇంత మంచి కళ్లు? కొంప ముంచింది ఆవిడేగా," అన్నారు భాస్కర్ రావు గారు.

"ఆమె మా కరీంనగర్ దిక్కు ఆడబిడ్డంట సార్. మీరు గెలిస్తే కథ మీకు నచ్చినట్టు రాయించుకునేటోళ్లు. గోడ నాది గదా."

ఆయన తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయారు. వెండి కళ్ల తర్వాత ఆయన నోరు కాస్త అదుపులోకి వచ్చింది.

జూన్‌లో హోటల్ తెరిచారు. జనం తిండి మర్చిపోయి గోడల మీద తమ కళ్లు వెతుక్కున్నారు. "అదిగో నేను" అని ఒకరు, "చచ్చిపడ్డవాడివి నువ్వేరా" అని ఇంకొకరు. జర్మన్లు ఆ సందడికి కారణం అడిగితే భాస్కర్ రావు గారు పప్పు చల్లారేదాకా కథ చెప్పేవారు.

గిరిజ ఒక్క పని మాత్రం చెయ్యలేదు. అక్కకి చెప్పలేదు. వీడియో కాల్‌లో గోడ చూపించమంటే దూరం నుంచి, మసగ్గా చూపించేది. "కండ్లట్లనే ఉన్నయా?" అని అక్క అడిగితే, "ఉన్నయక్కా" అనేది. అబద్ధం కాదు, కళ్లు ఉన్నాయి. తర్వాత ఫోన్ పెట్టేసి నా వైపు చూసేది. అక్క నమ్మకాన్ని వమ్ము చేశానన్న భయం ఆమెని ఏడాదంతా వదల్లేదు. కొత్త గోడ వెయ్యమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్క వచ్చి చూసేదాకా కుంచె పట్టనంది.

అక్క మరుసటి వేసవికి వచ్చింది. తిన్నగా హోటల్‌కే తీసుకెళ్లమంది. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఒక చిన్న గుడ్డ మూట. మూటలో తండ్రి ఇచ్చిన సన్న కుంచె. భాస్కర్ రావు గారు గుమ్మంలో పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు, పళ్లెంలో పట్టుచీర. ఆ చీర అప్పటికి రెండు వేసవులుగా బీరువాలో ఉంది. శరత్, నేను, గిరిజ గోడకి ఆనుకుని నిలబడ్డాం. గిరిజ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

అక్క లోపలికి వచ్చి ఆగింది. సైన్యమంతా ఆమెనే చూస్తోంది. కోడిపందెం గోడ మొదటినుంచి చివరిదాకా నడిచింది. కారెంపూడి గోడ పొడుగునా నడిచింది. కొన్నిచోట్ల మొహానికి మొహం ఆనేంత దగ్గరగా వెళ్లి చూసింది. నాగమ్మ ముందు ఆగింది. చాలాసేపు ఆగింది.

"నన్ను అవతలి దిక్కు పెట్టినవ్," అంది.

గిరిజ ఒక అడుగు ముందుకేసింది. "ముట్టొద్దన్నవ్ గని అక్కా..."

"ముట్టొద్దన్న. నీకు చాతగాదనుకున్న." అక్క ఇంకా నాగమ్మనే చూస్తోంది. "నేను అందరికీ ఒక్క తీరు కండ్లే పెడ్త. నాయిన పెట్టినట్టు. వీళ్లందరు వేరేవేరే మనుషులే. ఒక్కడు గోడను జూస్తలేడు."

గిరిజ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, శరత్ మొహం తిప్పుకున్నాడు. భాస్కర్ రావు గారు ఇదే సమయమనుకుని పళ్లెంతో ముందుకు వచ్చారు. అక్క ఆ చీర తీసుకుని, విప్పకుండానే చెల్లెలి భుజం మీద వేసింది.

"కండ్లు తెరిచినోళ్లకే కొత్తబట్ట. దానికి పెట్టున్రి ముందు విస్తరి."

గిరిజని చాపకూడు గోడ ఎదురుగా బల్ల దగ్గర కూర్చోబెట్టి, భాస్కర్ రావు గారు స్వయంగా వడ్డించారు. గోంగూర, పప్పు, వేడి అన్నం, నెయ్యి. అందరం నిలబడి ఉంటే ఆమె ఒక్కతే మొదటి ముద్ద కలుపుకుంది. కీటాలో పిల్లలందరూ తిన్నాక తినే మనిషి. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి సిగ్గుపడింది.

అక్క అప్పుడే చూసింది ఆ గోడని. చాప మీద వరుసగా కూర్చున్న మనుషులు, అందరికీ కళ్లున్నాయి. వంగి అన్నం వడ్డిస్తున్న ఆడమనిషి ఒకతె ఉంది. వేళ్లకి ఎర్రరంగు. ఆమెకి మాత్రం కళ్లు లేవు. ఏడాదిగా వందలమంది తిని వెళ్లారు, ఆ మనిషి కిందికి చూస్తోందనుకున్నారు గానీ ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

"ఈమెకేందే లేవు?"

"నావి నాకెట్ల కనబడ్తయక్కా," అంది గిరిజ, నోట్లో ముద్దతో.

అక్క మూట విప్పింది. కుంచె తీసి, నాలుక చివర తడిచేసి మొన సరిచేసింది. కుర్చీ లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చుంది. "తిను. తినుకుంట నన్ను జూడు," అంది. గిరిజ తింటూ చూసింది. ఇన్నేళ్లుగా చూడని అక్క, మాస్కు లేకుండా, ఇంత దగ్గరగా. అక్క లేచి, గోడ దగ్గర వంగి, రెండు కళ్లు పెట్టింది. వెనక్కి వచ్చి గోడ మీది గిరిజనీ, బల్ల దగ్గర గిరిజనీ మార్చి మార్చి చూసుకుంది.

తర్వాత చెల్లెలి భుజం మీది చీర కొంగు సవరించి, మడతలు విప్పి, చివర కలిసి ఉన్న జాకెట్టు గుడ్డని వేళ్లతో కొలిచింది.

"ఇది కత్తిరించి నాకియ్యే," అంది అక్క. "నేను పెట్టింది రెండు కండ్లే. నాకు జాకెట్టు ముక్క చాలు."